అమెరికాలో పొలాన్ని గడ్డికి వదిలితే ప్రభుత్వం ఇచ్చే కౌలు: సీఆర్‌పీలో చేరడం దగ్గర్నుంచి గడువు తీరేదాకా

డాలస్, ఒమాహా, కాన్సస్ సిటీ లాంటి ఊళ్లలో ఉద్యోగాలు చేసుకుంటూ, గంటా రెండు గంటల దూరంలో కొంత పొలం కొనిపెట్టుకుందామనుకునే మనవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. "పొలం ఖాళీగా వదిలేస్తే ఎకరానికి ఇంత అని గవర్నమెంటే ఇస్తుందట, నిజమేనా?" ఇవ్వడం నిజమే. ఖాళీగా వదిలేసినందుకు మాత్రం కాదు. ఆ నేల మీద వాళ్లు చెప్పిన గడ్డో చెట్లో పెంచి, పది నుంచి పదిహేనేళ్లు కాపాడతానని ఒప్పందం మీద సంతకం పెట్టినందుకు ఇస్తుంది. దాని పేరు కన్జర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్, అందరూ పిలిచేది సీఆర్‌పీ. ఏటా వచ్చే డబ్బును వాళ్లు 'రెంటల్ పేమెంట్' అంటారు. మన లెక్కలో అది కౌలే.

చాలామంది ముందు పొలం కొని, రిజిస్ట్రేషన్ అయ్యాక కౌంటీలోని (మన జిల్లా లాంటిది) ఎఫ్ఎస్ఏ ఆఫీసుకి, అంటే ఈ పథకాన్ని నడిపే ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీకి, వెళ్లి అడుగుతారు. అప్పటికి చేయగలిగింది పెద్దగా మిగలదు. ముందు ఆఫీసుకి వెళ్లాలి, ఆ తర్వాతే పొలం కొనాలి, ట్రాక్టర్ దింపడం అన్నిటికన్నా ఆఖరున. ఈ వ్యాసంలో నేను చెప్పేదంతా ఈ వరస గురించే.

ఈ డబ్బు ఎందుకు ఇస్తున్నారు

ఇది తెలిస్తే రూల్స్ సగం వాటంతటవే అర్థమవుతాయి. 1930లలో కాన్సస్, ఒక్లహోమా, టెక్సస్ పాన్‌హ్యాండిల్, కొలరాడో ప్రాంతాల్లో గడ్డి నేలల్ని దున్ని గోధుమ వేశారు. తర్వాత కరువొచ్చింది. పట్టి ఉంచే వేళ్లు లేక మట్టి గాలికి లేచిపోయింది. 1935 ఏప్రిల్ 14న లేచిన దుమ్ము తుఫానును ఇప్పటికీ 'బ్లాక్ సండే' అంటారు. ఆ వసంతంలో ఆ దుమ్ము వాషింగ్టన్ దాకా వెళ్లింది. హ్యూ హామండ్ బెన్నెట్ అనే నేల శాస్త్రవేత్త అప్పటికే ఏళ్ల తరబడి ఈ ప్రమాదం గురించి చెబుతూ వస్తున్నాడు. అదే ఏడాది ఏప్రిల్ 27న నేల సంరక్షణ చట్టం వచ్చింది. అప్పుడు పుట్టిన సంస్థే ఇవాళ ఎన్ఆర్‌సీఎస్ (సహజ వనరుల సంరక్షణ సంస్థ) పేరుతో నడుస్తోంది.

సీఆర్‌పీ 1985 ఫార్మ్ బిల్లు (వ్యవసాయ చట్టం)తో మొదలైంది. 2007లో 3.68 కోట్ల ఎకరాలతో తారస్థాయికి చేరింది. మొక్కజొన్న ధర పెరిగాక చాలామంది మళ్లీ దున్నేశారు. 2018 చట్టం గరిష్ఠ విస్తీర్ణాన్ని దశలవారీగా 2.7 కోట్ల ఎకరాలకు తెచ్చింది. అంటే చోటు పరిమితం. మట్టి ఎక్కువగా కొట్టుకుపోయే నేలకి, వాగు పక్కనున్న నేలకి మొదటి పీట. మీ పొలం చదునుగా, నల్లగా, బంగారంలా ఉంటే ఈ పథకం దాని కోసం పెట్టింది కాదు.

మొదటి మెట్టు: మీరు ఏ హోదాలో ఉన్నారు

మనవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

పౌరసత్వం గానీ గ్రీన్ కార్డ్ గానీ ఉంటే ఇబ్బంది లేదు. హెచ్-1బి మీదో, ఎల్-1 మీదో ఉన్నవాళ్లు ఈ చెల్లింపుల లెక్కలో 'ఫారిన్ పర్సన్'. భూమి, పెట్టుబడితో పాటు ఆ పొలంలో పంట పండించడానికి చెప్పుకోదగ్గ శ్రమ కూడా స్వయంగా చేస్తేనే వాళ్లకు మినహాయింపు. వారమంతా ఆఫీసులో కోడ్ రాసే మనిషికి అది కుదిరే పని కాదు. పైగా వీసా మీద ఉండి పొలం పని చేయడం ఇమిగ్రేషన్ పరంగా వేరే ప్రశ్న, దానికి లాయర్‌నే అడగాలి.

చెల్లింపు సంగతి పక్కనపెట్టినా వీసా మీద ఉన్నవాళ్లకు ఇంకో బాధ్యత ఉంది. 1978 నాటి ఆఫిడా చట్టం ప్రకారం, గ్రీన్ కార్డ్ లేని విదేశీయులు వ్యవసాయ భూమి కొంటే 90 రోజుల్లోగా ఎఫ్ఎస్ఏ-153 ఫారం దాఖలు చేయాలి. అన్నీ కలిపి పది ఎకరాలు మించకుండా, దాని మీద పంట అమ్మకం ఏడాదికి 1,000 డాలర్లు దాటకుండా ఉంటేనే మినహాయింపు. దాఖలు చేయకపోతే జరిమానా భూమి మార్కెట్ విలువలో 25 శాతం దాకా ఉండొచ్చు. దీని గురించి రియల్ ఎస్టేట్ ఏజెంట్ చెబుతాడని కూర్చోకండి. పొలం కొని ఏళ్లయినా ఈ ఫారం వేయనివాళ్లు మీకు తెలిసినవాళ్లలో ఉంటే ఇవాళే చెప్పండి. ఆలస్యమైనా, ఆఫీసువాళ్లు అడగకముందే మనంతట మనం వెళ్లి వేయడం మేలు. విదేశీయుల భూమి కొనుగోలు మీద కొన్ని రాష్ట్రాలకు సొంత ఆంక్షలు కూడా ఉన్నాయి. కొనేముందు అవీ చూసుకోవాలి.

నలుగురు స్నేహితులు కలిసి ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పెట్టి కొనడం మనలో మామూలే. అలాంటప్పుడు చెల్లింపు ఎల్ఎల్‌సీ పేరు మీద వచ్చినా, లెక్క మాత్రం వెనకున్న మనుషుల దాకా వెళుతుంది. యాజమాన్యం నాలుగు అంచెల లోతుకు ఉన్నా తవ్వి చూస్తారు. గ్రీన్ కార్డ్ లేనివాళ్ల వాటా 10 శాతం దాటితే ఆ సంస్థే విదేశీ సంస్థ కిందికి వస్తుంది. అప్పుడు రాతపూర్వకంగా కోరితే, మిగతా వాటాదారుల మేరకు మాత్రం చెల్లిస్తారు. పొలం కోసం కొత్తగా ఎల్ఎల్‌సీ పెడుతున్నవాళ్లు వాటాలు రాసుకునేముందే ఇది ఆలోచించాలి.

ఆదాయ పరిమితీ ఉంది. సవరించిన స్థూల ఆదాయం మూడేళ్ల సగటు 9 లక్షల డాలర్లు దాటితే అర్హత పోతుంది. ఆ మూడేళ్లంటే నిన్నమొన్నటివి కావు, మధ్యలో ఒక ఏడాది వదిలేస్తారు. 2025కి దరఖాస్తు చేస్తే 2021, 2022, 2023 సంవత్సరాల ఆదాయం చూస్తారు. కంపెనీ షేర్లు అమ్మి ఒక్క ఏడాదిలో పెద్ద మొత్తం చూపించినవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి. దంపతులు కలిపి రిటర్న్ వేసినా, విడివిడిగా వేస్తే ఎవరి ఆదాయం ఎంతో సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంట్) చేత రాయించి ఇవ్వొచ్చు.

రెండో మెట్టు: పొలానికి అర్హత ఉందా

సంతకం పెట్టే ముందు అమ్మేవాళ్ల దగ్గర మూడు విషయాలు రాబట్టండి.

ఒకటి, సాగు చరిత్ర. సీఆర్‌పీలో చేరడానికి జనరల్, కంటిన్యువస్ అనే రెండు సైన్-అప్‌లున్నాయి (వాటి తేడా మూడో మెట్టులో చెబుతాను), ఈ రెండింటికీ ఆ నేల 2012 నుంచి 2017 వరకు ఉన్న ఆరేళ్లలో కనీసం నాలుగేళ్లు పంట వేసినదై ఉండాలి. వాగు పక్కనున్నదైతే తప్ప, ఎప్పుడూ పచ్చికబయలుగానే ఉన్న నేలకి ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే. దానికి గ్రాస్‌ల్యాండ్స్ అనే వేరే విభాగం ఉంది.

రెండు, ఫార్మ్ నంబరు, ట్రాక్ట్ నంబరు. కౌంటీ ఎఫ్ఎస్ఏ ఆఫీసులో ప్రతి పొలానికి ఇవి ఉంటాయి. మన దగ్గర సర్వే నంబరు అడిగినట్టే అక్కడ కౌంటర్‌లో మొదట అడిగేది ఇదే. అమ్మేవాళ్ల అనుమతితో ఎఫ్ఎస్ఏ-156ఈజడ్ అనే కాగితం తెప్పించుకుంటే, అందులో సాగు భూమి ఎంత, సీఆర్‌పీలో ఇప్పటికే ఎంత ఉంది అనేవన్నీ ఒక్క పేజీలో కనిపిస్తాయి.

మూడు, పాత ఒప్పందం. సీఆర్‌పీలో ఉన్న పొలం కొంటే, యాజమాన్యం మారిన 60 రోజుల్లోగా మీరు ఆ ఒప్పందాన్ని మీ పేరు మీదికి తీసుకోవాలి. లేకపోతే అది రద్దవుతుంది. అప్పుడు అమ్మినవాళ్లు అప్పటిదాకా తీసుకున్న మొత్తం వడ్డీతో సహా తిరిగి కట్టాలి, దాని మీద నష్టపరిహారం అదనం. అందుకే ఒప్పందం ఎవరు మోస్తారో, ఆ ఏడాది కౌలు ఎవరికి చెందుతుందో కొనుగోలు అగ్రిమెంట్లోనే రాయించాలి.

ఇంకో పెద్ద అడ్డంకి పన్నెండు నెలల రూలు. కొత్తగా సీఆర్‌పీలో పెట్టాలంటే, సైన్-అప్ ముగిసే తేదీకి ముందు కనీసం 12 నెలలు ఆ భూమి మీ చేతిలో ఉండాలి. వారసత్వంగా వస్తే మినహాయింపు ఉంది. సబ్సిడీ కోసమే కొని వెంటనే చేర్చేయకుండా పెట్టిన కంచె ఇది. 'ఈ ఏడాది కొని ఈ ఏడాదే చేర్చేద్దాం' అని ఎవరైనా ఊరిస్తే నమ్మకండి.

ఇప్పటికే ఆ పొలాన్ని కౌలుకు చేస్తున్న రైతు ఉంటే ఆయన్ని వెళ్లగొట్టి చేర్చడం కుదరదు. కౌలుదారు హక్కుల్ని కౌంటీ కమిటీ చూస్తుంది. రూలు అలా ఉంచండి, ఆయనతో ముందుగా మాట్లాడటం మర్యాద. రేపు ఆ గడ్డి కోయాలన్నా, మంట పెట్టాలన్నా ఆయన ట్రాక్టరూ ఆయన సాయమే దిక్కు.

మూడో మెట్టు: ఏ దారిన వెళ్లాలి

జనరల్ సైన్-అప్ అంటే పోటీ. ఏడాదిలో కొన్ని వారాలే తెరిచి ఉంటుంది. 2025లో మే 12న తెరిచి జూన్ 6న మూసేశారు. ప్రతి దరఖాస్తుకీ పర్యావరణ ప్రయోజనాల సూచిక ప్రకారం మార్కులు వేస్తారు. వన్యప్రాణులకు 100 దాకా, నీటి నాణ్యతకు 100, నేల కోత ఆపడానికి 100, ఆపైన దీర్ఘకాల ప్రయోజనం, గాలి నాణ్యత, ఖర్చు. వీటిలో నేల వాలు మీ చేతిలో లేదు. మీ చేతిలో ఉన్నవి రెండు: వేసే విత్తనాల మిశ్రమం, అడిగే కౌలు. రకరకాల అక్కడి దేశవాళీ గడ్డి, పూల మొక్కలు కలిపితే మార్కులు పెరుగుతాయి. గరిష్ఠ కౌలు కన్నా కాస్త తగ్గించి అడిగినా పెరుగుతాయి.

కంటిన్యువస్ సైన్-అప్‌లో పోటీ ఉండదు, అర్హత ఉంటే తీసుకుంటారు. వాగు ఒడ్డున గడ్డి పట్టీ, ఒడ్డు వెంబడి చెట్లు, పొలం మధ్య నీరు పారే చోట గడ్డి కాలువ, తేనెటీగల కోసం పూల గడ్డి, కౌజుపిట్టల కోసం పొలం అంచున బఫర్ లాంటి పనులు దీని కిందికి వస్తాయి. ఉద్యోగం చేసుకుంటూ చిన్న పొలం ఉన్నవాళ్లకి నా సలహా ఇదే. మొత్తం పొలం పెట్టకండి. మట్టి కోసుకుపోయే వాలు, వాగు పక్క నీరు నిలిచి పంట కుళ్లే పట్టీ మాత్రం ఇందులో పెట్టి, మిగతాది పక్క రైతుకి కౌలుకి ఇవ్వండి.

ఒక కౌంటీలో సాగు భూమిలో 25 శాతానికి మించి చేర్చకూడదన్న పరిమితి కూడా ఉంది. మీ కౌంటీలో చోటు మిగిలి ఉందో లేదో ఫోన్‌లోనే అడిగి తెలుసుకోవచ్చు.

నాలుగో మెట్టు: ఆఫీసు, కాగితాలు

వెళ్లాల్సిన చోటు యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) సర్వీస్ సెంటర్. సాధారణంగా ఒకే కప్పు కింద రెండు ఆఫీసులుంటాయి. ఎఫ్ఎస్ఏ డబ్బు, ఒప్పందం, రికార్డులు చూస్తుంది. ఎన్ఆర్‌సీఎస్ పొలానికి వచ్చి నేల చూసి ప్రణాళిక రాస్తుంది. అపాయింట్‌మెంట్ తీసుకునే వెళ్లండి. కొన్ని చోట్ల ఒకే అధికారి రెండు కౌంటీలు చూస్తుంటారు.

ఒప్పందాన్ని ఆమోదించేది కౌంటీ కమిటీ. అందులో ఉండేది ఆ కౌంటీ రైతులు, వాళ్లను ఎన్నుకునేదీ రైతులే. పేరు రికార్డుల్లో ఎక్కాక మీకూ బ్యాలెట్ వస్తుంది. దాన్ని చెత్తబుట్టలో వేయకండి.

తీసుకెళ్లాల్సినవి: రిజిస్టరైన డీడ్, ఫొటో ఐడీ, సోషల్ సెక్యూరిటీ నంబరు, గ్రీన్ కార్డ్ ఉంటే అది, బ్యాంకు వివరాలు, ఎల్ఎల్‌సీ అయితే ఆపరేటింగ్ అగ్రిమెంట్, సంతకం చేసే అధికారం ఎవరిదో చూపే కాగితం. అక్కడ నింపేవి: మీ వివరాలకు ఏడీ-2047, నేల కోత, చిత్తడి నేలల నియమాలు పాటిస్తామని ఏడీ-1026, ఆదాయ పరిమితికి సీసీసీ-941, పొలం ఎలా నడుస్తుందో చెప్పే సీసీసీ-902, సంస్థల సభ్యుల కోసం సీసీసీ-901. సీసీసీ-941 మీద చెప్పిన ఆదాయాన్ని ఐఆర్ఎస్‌తో (ఆదాయ పన్ను శాఖ) సరిచూస్తారు, కాబట్టి అందాజాగా నింపొద్దు. భాగస్వాముల్లో ఒక్కరి సంతకం తక్కువైనా ఫైలు అక్కడే ఆగిపోతుంది. సైన్-అప్ తెరవకముందే ఇవన్నీ పూర్తి చేసి పెట్టుకుంటే, తెరిచాక టెన్షన్ పడాల్సిన పని ఉండదు.

ఐదో మెట్టు: డబ్బు లెక్క

కౌలు రేటు కౌంటీ సగటు కౌలు నుంచీ, మీ పొలంలో ఎక్కువగా ఉన్న మూడు రకాల నేలల సారం నుంచీ వస్తుంది. చట్టం ప్రకారం జనరల్‌కి కౌంటీ సగటులో 85 శాతం, కంటిన్యువస్‌కి 90 శాతం పరిమితి. ఒక మనిషికి ఏడాదికి 50,000 డాలర్లు గరిష్ఠం. గడ్డి వేయడానికి అర్హమైన ఖర్చులో సగం దాకా ప్రభుత్వం భరిస్తుంది. కంటిన్యువస్‌లో కొన్ని పనులకు సంతకం ప్రోత్సాహకం కూడా ఉంటుంది, మొదటి ఏడాది కౌలులో 32.5 శాతం, ఒక్కసారి.

ఒక లెక్క వేసి చూద్దాం. 50 ఎకరాలు జనరల్‌లో పెట్టారు, ఎకరానికి 90 డాలర్లు ఖరారైంది అనుకోండి. ఏడాదికి 4,500, పదేళ్లకు 45,000. గడ్డి వేయడానికి ఎకరానికి 200 చొప్పున 10,000 ఖర్చయితే, అందులో 5,000 వాళ్లిస్తారు, 5,000 మీది. మిగిలేది 40,000. ఇందులోంచే ఆస్తి పన్ను, కలుపు మందు, ఆదాయ పన్ను పోవాలి. అదే పొలం కౌంటీ సగటున ఎకరానికి 106 డాలర్లకు పక్క రైతుకి ఇస్తే పదేళ్లకు 53,000, మీ చేతి ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. పైగా బయటి కౌలు రేటు పెరగొచ్చు, సీఆర్‌పీ రేటు గడువు దాకా మారదు.

మంచి నేలని ఇందులో పెట్టొద్దని చెప్పేది అందుకే. ఏటా మట్టి పోగొట్టుకుంటూ, ఎవరూ 50 డాలర్లు కూడా ఇవ్వని వాలు ఉందనుకోండి. దాని లెక్క పూర్తిగా తిరగబడుతుంది. పక్క రైతులు ఎంతకి కౌలుకి తీసుకుంటున్నారో కనుక్కోకుండా సంతకం పెట్టొద్దు.

ఆరో మెట్టు: ప్రణాళిక, విత్తనం

దరఖాస్తు నిలబడితే ఎన్ఆర్‌సీఎస్ మనిషి పొలానికి వస్తారు. ఆ రోజు సెలవు పెట్టయినా సరే మీరు వెంట ఉండండి. ఎక్కడ నీరు ఉరుకుతుంది, ఎక్కడ గండి పడుతోంది అన్నది ఆయన పక్కన నడిస్తే తెలిసినట్టు కాగితంలో తెలియదు. ఏ గడ్డి, ఎకరానికి ఎన్ని పౌండ్లు, ఏ తేదీలోగా వేయాలి, తర్వాత ఎప్పుడు ఏం చేయాలి అన్నవన్నీ ప్రణాళికలో రాస్తారు. అది ఒప్పందంలో భాగం, సలహాపత్రం కాదు. కమిటీ ఆమోదించి సంతకాలు అయ్యేవరకు విత్తనం కొనొద్దు, దున్నొద్దు. ముందే చేసిన పనికి ఖర్చు వాటా రాకపోవచ్చు.

విత్తనం కొనేటప్పుడు సంచి మీది ట్యాగ్ చదవడం నేర్చుకోండి. ప్రణాళికలో పౌండ్లు 'ప్యూర్ లైవ్ సీడ్' లెక్కలో ఉంటాయి, అంటే నిజంగా మొలిచే అసలు విత్తనం. ట్యాగ్ మీద స్వచ్ఛత 80 శాతం, మొలక 75 శాతం అని ఉంటే రెండూ గుణిస్తే 60 శాతం. ఎకరానికి 6 పౌండ్లు వేయమంటే సంచిలోంచి 10 పౌండ్లు తీయాలి. ఇది తెలియక సంచి బరువు చూసి వేస్తే గడ్డి పలచబడుతుంది, తనిఖీలో మళ్లీ వేయమంటారు, ఆ ఖర్చు మీదే. ట్యాగులు, బిల్లులు దాచి ఎఫ్ఎస్ఏకి ఇవ్వాలి. ఖర్చు వాటా వచ్చేది వాటి మీదే.

బిగ్ బ్లూస్టెమ్, ఇండియన్‌గ్రాస్ లాంటి దేశవాళీ గడ్డి విత్తనం దూది పింజలా తేలిగ్గా ఉండి మామూలు సీడ్ డ్రిల్‌లో ఇరుక్కుపోతుంది. దానికి ప్రత్యేకమైన గొట్టాలు, పెట్టె ఉన్న నేటివ్ గ్రాస్ డ్రిల్ కావాలి. చాలా చోట్ల స్థానిక కన్జర్వేషన్ డిస్ట్రిక్ట్ దీన్ని అద్దెకిస్తుంది. వసంతంలో డిమాండ్ ఎక్కువ, శీతాకాలంలోనే పేరు రాయించుకోండి. నేల గట్టిగా ఉండాలి, బూటు మడమ పెడితే పైపైన అచ్చు పడాలే తప్ప దిగబడకూడదు. పావు అంగుళం నుంచి అర అంగుళం లోతు చాలు. అంతకన్నా లోతుకి పోతే మొలక పైకి రాదు.

మొదటి ఏడాది పొలం చూస్తే గుండె జారుతుంది. అంతా కలుపే కనిపిస్తుంది. ఆ ఏడాది గడ్డి తన శక్తంతా వేళ్లకే పెడుతుంది. కంగారుపడి మళ్లీ దున్నేయకండి. ప్రణాళికలో అనుమతి ఉంటే కలుపు గింజ కట్టకముందే ఎత్తుగా ఒకసారి కోయించి, ఎన్ఆర్‌సీఎస్ వాళ్లని పిలిచి చూపించండి. మూడో ఏడాదికి పొలం రూపమే మారిపోతుంది.

ఏడో మెట్టు: ఆ పదేళ్లూ

కౌలు ఏటా అక్టోబర్ 1 తర్వాత బ్యాంకులో పడుతుంది. అది ఆగకుండా రావాలంటే కొన్ని పాటించాలి. ఏటా విస్తీర్ణం నివేదిక, ఎఫ్ఎస్ఏ-578, గడువులోగా ఇవ్వాలి. చాలా రాష్ట్రాల్లో సీఆర్‌పీకి అది జూలై 15. పక్షులు గూళ్లు పెట్టే కాలంలో గడ్డి కోయకూడదు. కాన్సస్‌లో అది ఏప్రిల్ 15 నుంచి జూలై 15, అయోవాలో మే 15 నుంచి ఆగస్ట్ 1. పొలం అందంగా కనబడాలని లాన్‌లా కోయించడం నిషేధం. మన ఇళ్ల ముందు గడ్డి కోసే అలవాటు ఇక్కడ నష్టం తెస్తుంది.

ముళ్ల తిస్టిల్, జాన్సన్ గ్రాస్ లాంటి కలుపు, సీడార్ మొక్కలు వచ్చినచోటే తీసేయాలి. ఒప్పందం మధ్యలో ఒకసారి మంట పెట్టడమో, పైపైన డిస్క్ తోలడమో లాంటి పని ప్రణాళికలో ఉంటుంది. మంట అయితే రాతపూర్వక ప్రణాళిక, అనుభవమున్న మనుషులు, పక్క పొలాలవాళ్లకి ముందస్తు కబురు తప్పనిసరి. సొంతంగా అగ్గిపుల్ల గీయడానికి వీల్లేదు.

కరువు వచ్చి కౌంటీకి అనుమతి వస్తే అత్యవసరంగా పశువుల్ని మేపుకోవచ్చు, గడ్డి కోసుకోవచ్చు, దానికి కౌలు తగ్గించరు. మామూలు రోజుల్లో అనుమతించిన గడ్డి కోతకి, మేతకి మాత్రం ఆ ఎకరాల కౌలులో 25 శాతం తగ్గిస్తారు. రెండింటిలోనూ ముందు ఆఫీసు అనుమతి రాతలో ఉండాలి.

మధ్యలో బయటపడాలనుకుంటే అప్పటిదాకా వచ్చిన కౌలు, ఖర్చు వాటా వడ్డీతో తిరిగి కట్టాలి, దాని మీద ఏడాది కౌలులో 25 శాతం నష్టపరిహారం. ఐదారేళ్లలో ఇల్లు కట్టుకుందామనుకునే చోటు, రోడ్డు పక్క ముక్క, పిల్లలకి రాసిద్దామనుకునే మూల, ఇవన్నీ మొదటి రోజే ఒప్పందం బయట ఉంచండి.

పన్నులు

కౌలు మీద 1099-జీ అనే పన్ను ఫారం వస్తుంది. మామూలు భూమి అద్దెలా దీన్ని చూపించొచ్చా, లేక స్వయం ఉపాధి పన్ను కూడా కట్టాలా అన్నది పాత తగాదా. కట్టాలన్నది ఐఆర్ఎస్ వైఖరి. 2014లో ఎనిమిదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు, మోర్‌హౌస్ కేసులో, వ్యవసాయం చేయని యజమానికి అది అద్దె మాత్రమేనని తీర్పిచ్చింది. ఆ తీర్పు పరిధిలో ఉన్నవి అయోవా, నెబ్రాస్కా, మిన్నెసోటా, మిస్సోరి, ఆర్కన్సా, రెండు డకోటాలు. వాటి బయట ఐఆర్ఎస్ ఆ తీర్పుని ఒప్పుకోలేదు. సోషల్ సెక్యూరిటీ రిటైర్మెంట్ లేదా డిజెబిలిటీ పింఛను తీసుకుంటున్నవాళ్లకి మాత్రం ఎక్కడున్నా ఈ పన్ను లేదు. వ్యవసాయ రిటర్నులు వేసే సీపీఏని వెతుక్కోండి. నగరంలో సాఫ్ట్‌వేర్ జీతాల రిటర్నులు మాత్రమే చేసేవాళ్లకి ఇది తెలియకపోవచ్చు.

టెక్సస్‌లో ఉన్నవాళ్లకో మంచి మాట. ప్రభుత్వ పథకం కోసం పొలాన్ని ఖాళీగా ఉంచడాన్ని అక్కడి పన్ను చట్టం వ్యవసాయ వినియోగంగానే చూస్తుంది. ఆస్తి పన్నులో వ్యవసాయ విలువ కట్టే వెసులుబాటు కోసం కౌంటీ అప్రైజల్ ఆఫీసుకి సీఆర్‌పీ ఒప్పందం నకలు ఇవ్వండి.

సీఆర్‌పీ కుదరనివాళ్లకి

సాగు చరిత్ర లేకపోయినా, పొలం స్వయంగా చేసుకోవాలని ఉన్నా ఎన్ఆర్‌సీఎస్ నడిపే ఈక్విప్ ఉంది. కవర్ క్రాప్ (నేలను కప్పి ఉంచే పంట), కంచె, పశువులకి నీటి తొట్టి, హై టనెల్ (ప్లాస్టిక్ కప్పిన పంట షెడ్డు) లాంటి పనులకి సాధారణంగా ఖర్చులో 75 శాతం దాకా ఇస్తారు. పదేళ్లకు మించని అనుభవమున్న కొత్త రైతుకి 90 శాతం దాకా, అందులో కనీసం సగం ముందుగానే తీసుకునే వీలుంది. దరఖాస్తు ఏడాది పొడవునా తీసుకుంటారు, ఎంపిక మాత్రం రాష్ట్రం ప్రకటించిన తేదీల ప్రకారం. ఇక్కడా ఒప్పందం మీద సంతకాలు కాకముందు పని మొదలుపెడితే ఆ పనికి డబ్బు రాదు.

గడువు తీరేటప్పుడు

ఒప్పందాలు సెప్టెంబర్ 30న ముగుస్తాయి. ఆలోచన మాత్రం రెండేళ్ల ముందే మొదలుపెట్టాలి. అర్హత ఉంటే మళ్లీ చేర్చొచ్చు. పశువుల మేతకి ఉంచుకోవచ్చు. మళ్లీ దున్నాలంటే, మట్టి ఎక్కువగా కొట్టుకుపోయే నేల అయితే ఎన్ఆర్‌సీఎస్ ఒప్పుకున్న పద్ధతిలోనే సాగు చేయాలి. లేకపోతే మిగతా పొలాల మీద వచ్చే ప్రభుత్వ చెల్లింపులు కూడా పోతాయి.

నాలుగో దారి ట్రాన్సిషన్ ఇన్సెంటివ్స్ ప్రోగ్రామ్. కుటుంబసభ్యులు కాని కొత్త రైతుకో, సైన్యంలో పనిచేసి వచ్చిన రైతుకో ఆ భూమిని అమ్మినా, కనీసం ఐదేళ్లకి కౌలుకి ఇచ్చినా, గడువు తర్వాత ఇంకో రెండేళ్ల కౌలు మీకు వస్తుంది. సొంత భూమి లేక పక్క కౌంటీల్లో ముక్కలు ముక్కలుగా కౌలుకి చేస్తున్న కుర్ర రైతులు ప్రతి కౌంటీలో ఉంటారు. అలాంటివాళ్ల కోసం ఎఫ్ఎస్ఏ ఆఫీసులోనే అడగండి. ఒప్పందం చివరి రెండేళ్లలో ఎప్పుడైనా సీఆర్‌పీ-1ఆర్ ఫారంతో దీనికి దరఖాస్తు చేయొచ్చు.